నాలుగో మాట

లాడ్ బజార్, హైదరాబాదు
12 ఫిబ్రవరి 1958

తమ్ముడు వైకుంఠానికి అక్క దీవెనలు.

ఉత్తరం మొదట్లో క్షేమమని రాయాలని మా పంతులమ్మ నేర్పింది గాని, ఆడపిల్ల పుట్టిందన్న నీ కార్డు అందినప్పటి నుంచి ఇక్కడ క్షేమం కాదు, పండగే. మీ బావ దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ పటికబెల్లం పంచాడు. గంటసేపు బేరమాడి ఒక్క గాజూ కొనకుండా లేచిపోయిన బేగంసాహెబాను కూడా వెనక్కి పిలిచి చేతిలో పెట్టాడు. నాన్న ఉంటే ఆయన పక్కనే నిలబడి పంచేవాడు.

ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో వేయాల్సింది మేనత్త. నీ పెళ్ళికి నన్ను పిలవలేదు. రిజిస్టరు పెళ్ళి, గంటలో అయిపోయింది, ఎవరినీ పిలిచే వ్యవధి లేదని రాశావు. ఏడ్చాను, నమ్మాను, ఊరుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు కాబట్టి ఈసారి అడుగుతున్నాను. ఇరవయ్యో తేదీన బయల్దేరి వస్తాను. మీ బావకు దుకాణం వదిలి రావడం కుదరదు, నేనొక్కదాన్నే వస్తాను.

మరదలు సుశీలకు లక్క గాజులు తేవాలి. బొటనవేలు అరచేతిలోకి మడిపించి, వేళ్ళ కణుపుల చుట్టూ దారం తిప్పి, రెండు కొసలు కలిసిన చోట తెంపి కవరులో పెట్టు. గాజుల దుకాణంలో పుట్టినవాడికి ఇది చెప్పాలా అనుకోకు. కలం పట్టాక ఏం మరిచావో ఏం గుర్తుందో నాకేం తెలుసు? పిల్లకు నల్లగాజులు ఎలాగూ తెస్తాను. పసిపిల్లలకు కొలత అక్కర్లేదు.

ఇంకో మాట. గ్రంథాలయంలో ఆడవాళ్ళ క్లాసుకు పోతున్నానని రాశాను కదా. ఏప్రిల్‌లో పరీక్ష. ‘సొంత కథ చెప్పే రచయిత చదివేవాళ్ళ మనసును ఏ మాటలతో, ఏ ఉపాయాలతో కరిగిస్తాడో విడమరచి రాయండి’ అని ఒక ప్రశ్న తప్పకుండా వస్తుందట. నాకు తల తిరిగిపోతోంది. నువ్వు కాలేజీలో చెప్పే పాఠమే కదా. నీకు గాజుల డబ్బా మూతల మీద అ ఆలు నేను దిద్దించాను. ఇప్పుడు నువ్వు నాకు దిద్దించు.

నువ్వు చెప్పినట్టే కాలేజీ చిరునామాకు రాస్తున్నాను.

నీ అక్క,
నాగమణమ్మ


గుంటూరు
16 ఫిబ్రవరి 1958

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో, జవాబు రాయడానికి అంత బాధపడుతున్నాను. మా అత్తగారికి ఆటలమ్మ పోసింది. బయటివాళ్ళు గడప దాటకూడదని గుమ్మానికి వేపమండలు కట్టారు. పైగా ఇక్కడ తొట్టెల అనరు, బారసాల అంటారు. అది పదకొండో రోజునే, పుట్టింటివాళ్ళ చేతుల మీదుగా జరిగిపోయింది. వద్దనే హక్కు నాకు లేకపోయింది. ఎండలు తగ్గాక నేనే పిలుస్తాను. దారం ఇందులో పెట్టాను.

నీ ప్రశ్న మాత్రం నాకు చాలా ఇష్టమైనది. రాసుకో. సొంత కథ చెప్పేవాడు ముందుగా చదివేవాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకోవాలి. ‘నేను’ అనాల్సిన చోట ‘మేము’ అంటే సగం పని అయిపోతుంది. చదివేవాడు తెలియకుండానే ఆ ‘మేము’లో చేరిపోతాడు. తరువాత, జవాబు రాని ప్రశ్న ఒకటి ఎన్నుకుని దాన్ని మూడుసార్లు వేయాలి. వేసిన ప్రతిసారీ కొంచెం చిన్నది చేయాలి. మూడోసారికి చదివేవాడి గొంతు పట్టుకుంటుంది. ఇదే శోకానికి తాళం. నువ్వు పరీక్షలో ఇలా రాస్తే మీ పంతులమ్మ ముక్కున వేలేసుకుంటుంది.

బావగారికి నమస్కారాలు.

వైకుంఠం


లాడ్ బజార్
24 ఫిబ్రవరి 1958

తమ్ముడికి,

మీ అత్తగారి మీద అమ్మవారు చల్లబడిందా? రోజూ పసుపు నీళ్ళు చల్లుతున్నారా? నేను సర్దుకున్న పెట్టె మళ్ళీ విప్పాను. పిల్లకు కొన్న నల్లగాజులు గూట్లో పెట్టాను. నీ మీద కోపం లేదు. రోగానికి నువ్వేం చేస్తావు?

నీ దారం తీసుకుని లక్క గాజులు చేసే ఖైరున్నిసా దగ్గరకు పోయాను. ఆమె దాన్ని వేళ్ళ మీద వేసుకుని చూసి, పొయ్యి మీది లక్క వదిలేసి పకపకా నవ్వింది. “యే తో మర్ద్ కా హాత్ హై, బహెన్. మగోని చెయ్యి ఇది. మీ తమ్ముడు పెండ్లాం చెయ్యి పట్టుకునేటందుకు సిగ్గువడి తన చెయ్యే కొలిచిండు” అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గు మాని సుశీల చేతిది కొలిచి పంపు.

పిల్ల పేరేం పెట్టారో రాయనే లేదు. ఇంకొకటి, పూర్వం ‘అక్కా’ అని రాసేవాడివి. ఇప్పుడు ‘అక్కయ్య’ అయ్యాను. గుంటూరు నీళ్ళు నీకు బాగా పట్టినట్టున్నాయి.

పాఠం బాగుంది. పంతులమ్మకు చెబితే ఎవరు చెప్పారని అడిగింది. నా తమ్ముడు కాలేజీలో చెబుతాడని అంటే క్లాసంతా నన్ను తిరిగి చూసింది. నాకొక అనుమానం మిగిలింది. రాసేవాడికి నిజంగా దుఃఖం ఉందో, మాటల్లోనే ఉందో, చదివేవాళ్ళు ఎలా కనుక్కోవాలి?

నీ అక్క,
నాగమణమ్మ


గుంటూరు
3 మార్చి 1958

అక్కయ్యకు,

ఖైరున్నిసాకు నవ్వడానికి ఏదో ఒకటి కావాలి. అది సుశీల చెయ్యే. ప్రసవమయ్యాక ఒంటికి నీరు పట్టి చేతులు వాచాయి. నాలుగు నెలలు పోతే మామూలవుతుందని డాక్టరు అన్నాడు. అందాకా గాజుల తొందరేమీ లేదు. పేరు విషయంలో పెద్దలు ఇంకా తేల్చుకోలేదు.

నీ అనుమానం చాలా తెలివైనది. మా విద్యార్థులెవరూ ఇంతవరకు అడగలేదు. కనుక్కోలేరు, అదే కళ. రహస్యం చెబుతాను, పరీక్షకు పనికొస్తుంది. ముందు మూడు చిన్న నిజాలు చెప్పాలి. అవి ఎవరూ అబద్ధమాడే అవసరం లేనంత చిన్నవై ఉండాలి: ఒక వాసన, ఒక వంకర వేలు, ఒక విరిగిన మూత. ఆ మూడూ నమ్మినవాడు నాలుగో మాట ఏం చెప్పినా అడ్డం చెప్పడు. ఇంకొకటి, ఎవరిని కథలోంచి తీసేశాడో చూడు. మంచి రచయిత పెట్టినవాటి కంటే తీసేసినవాటితోనే ఎక్కువ పని చేయిస్తాడు.

ఆరోగ్యం చూసుకో.

వైకుంఠం


లాడ్ బజార్
28 మార్చి 1958

వైకుంఠానికి,

ఈ ఉత్తరం పొడుగవుతుంది. కుదురుగా కూర్చుని చదువు.

పోయిన శుక్రవారం పంతులమ్మ రంగనాయకి ఒక వారపత్రిక పాత సంచికల కట్ట తెచ్చింది. బైండు చేయించిన 1955 నాటి కట్ట. అందులో ‘అక్క గాజులు’ అని ఒక సొంత కథ ఉంది. పేరు ప్రకటించవద్దని రచయిత కోరాడట. పంతులమ్మ పైకి చదివింది. అయిపోయేసరికి పద్నాలుగు మంది ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. నా పక్కన కూర్చునే వరమ్మ ముక్కు చీది, “గసొంటి తమ్ముడు దొరకాలంటె పెట్టి పుట్టాలె, మణమ్మా” అంది.

పంతులమ్మ నా వైపు చూసింది. “అందరేడ్చిన్రు. నువ్వొక్కదానివే గిట్ల రాయి లెక్క కూసున్నవేంది?” అని అడిగింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకున్నాను. నా చావుకు నా పక్కనే కూర్చుని ఏడుస్తున్నవాళ్ళకు నేనేం చెప్పగలను?

ఆ కథ మీదే జవాబు రాసుకురమ్మంది. రాశాను. పదికి తొమ్మిది వచ్చాయి. ఇంత బాగా ఎలా పట్టుకున్నావని అడిగింది. పాఠం నువ్వు చెప్పిందే కాబట్టి నువ్వు కూడా చూడాలి. పంతులమ్మకు రాయనివి కూడా కలిపి నీకు రాస్తున్నాను.

రచయిత ముందు మూడు చిన్న నిజాలు చెప్పాడు. కాగుతున్న లక్క వాసన. కుడిచేతి చిటికెనవేలు కొంచెం వంకరగా ఉండే అక్క. కీలు ఊడిన గాజుల డబ్బా మూత. మూడూ నిజమే. ఆ వేలు ఇప్పుడు ఈ కలాన్ని పట్టుకుని ఉంది. నాలుగో మాట, ‘మా అక్కకు అక్షరం రాదు. నేను చదువుకుంటుంటే మూతను ఒళ్ళో పెట్టుకుని, అందులో ఏదో రాసి ఉన్నట్టు చూస్తూ కూర్చునేది.’ ఆ మూత మీద రాసి ఉంది కదరా. రాసింది నేను. సుద్దముక్క పట్టుకోవడం రాని నీ చెయ్యి పట్టుకుని దిద్దించాను.

‘మేము’ అనే ఉపాయం కూడా ఉంది. ‘అమ్మ పోయాక మేము ఆ ఇంటిని నిలబెట్టాము’ అన్నాడు రచయిత. అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు, నాకు పదకొండు. ఏ చేత్తో నిలబెట్టావు?

జవాబు రాని ప్రశ్నను మూడుసార్లు వేశాడు. ‘ఇంకా ఎందుకు లేవడం లేదు అక్కా?’ తరువాత, ‘ఎందుకు లేవవు అక్కా?’ చివరికి, ‘లేవవా?’ పంతులమ్మ ఇక్కడే ఆగి కళ్ళద్దాలు తీసింది. పదేళ్ళ కిందట, ఆ గడబిడ రోజుల్లో, ఇరవై మూడు రోజులు విషజ్వరంతో పడి ఉన్నది నువ్వు. తల దగ్గర కూర్చుని ‘లేస్తలేవేందిరా’ అని అడిగింది నేను. నా మాట నువ్వు తీసుకున్నావు, నీ మంచం మీద నన్ను పడుకోబెట్టావు. దొంగలు కూడా ఇల్లంతా దోచుకుంటారు గాని, ఇంటివాళ్ళను మార్చి పెట్టరు.

కథలోంచి ఎవరిని తీసేశాడో చూడమన్నావు. మీ బావను తీసేశావు. ఉంటే, అక్క మంచాన పడినప్పుడు ఆమె మొగుడేం చేశాడని చదివేవాళ్ళు అడుగుతారు. ఈ మాట ఆయనకు చెప్పాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. “నువ్వే నయం. సచ్చినా కథల ఉన్నవ్. నేనైతె పుట్టనే లేదు” అని నవ్వాడు. తరువాత ఆ పూటంతా తుడిచిన గాజులే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు.

ముగింపు అన్నిటికంటే గొప్పది. అక్క చనిపోయిందని ఎక్కడా రాయలేదు. ‘గాజుల చప్పుడు ఆగిపోయింది’ అని మాత్రమే రాశావు. ఎవరైనా నిలదీస్తే తప్పించుకోవడానికి పెరటి తలుపు తీసి పెట్టుకున్నావు.

ఇక్కడితో అయిపోతే కథే కదా అని ఊరుకునేదాన్ని. కానీ కట్టలో తరువాతి సంచిక కూడా ఉంది. అందులో పాఠకుల ఉత్తరాలున్నాయి. ‘తోడబుట్టినదాన్ని పోగొట్టుకున్న ఆ సోదరుడికి మా ఇంటి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. సోమశేఖరం, బ్రాడీపేట, గుంటూరు.’ పెళ్ళి కబురులో నువ్వు రాసిన పేరే, మీ మామగారు. ఆ ఏడు తిరక్కుండానే నీ పెళ్ళయింది.

ఇప్పుడు నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. రిజిస్టరు పెళ్ళి. కాలేజీ చిరునామా. అత్తగారి ఆటలమ్మ. నీ చేతి కొలతతో వచ్చిన దారం. సుశీలను అడగలేవు కదా, లేని ఆడబిడ్డకు ఆమె చెయ్యి ఎందుకు చాపుతుంది?

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ మాటగానే తెలుసు. వైకుంఠం, ఆ ఇంట్లో నేను బతికి ఉన్నానా, లేనా? అదొక్కటి రాయి.

నాగమణమ్మ


గుంటూరు
3 ఏప్రిల్ 1958

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు క్లాసుకు పోలేదు. నువ్వు చనిపోయావని నేను ఎక్కడా రాయలేదు. అది నువ్వే ఒప్పుకున్నావు. సాహిత్యంలో అక్క అంటే ఒక్క మనిషి కాదు, ఒక ప్రేమ. ఆ ప్రేమకు పెద్ద గుడి కట్టాననే అనుకున్నాను.

మామయ్యగారు ఉత్తరం రాసినప్పుడు, అలా కాదండీ అని చెప్పడానికి నోరు రాలేదు. సంబంధం వచ్చినప్పుడు ఇంకా రాలేదు. అక్క కోసం అంత తపించినవాడు భార్యను బాగా చూసుకుంటాడని వాళ్ళ నమ్మకం. ఒక్కో రోజూ గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది.

నువ్వు దీన్ని అశుభంగా తీసుకోకు. పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని అమ్మలక్కలు అంటారు కదా. ఇంకొకటి విన్నావంటే నీ కోపం పోతుంది. పాపకు నాగమణి అని పేరు పెట్టారు. మామయ్యగారే పట్టుబట్టి పెట్టారు. రోజూ పొద్దున్నే ఈ ఇంట్లో నీ పేరు పిలుస్తారు.

నీ తమ్ముడు,
వైకుంఠం


లాడ్ బజార్
10 ఏప్రిల్ 1958

వైకుంఠానికి,

నేను చావుకు భయపడుతున్నానని అనుకున్నావు. పోనీలే.

మన ఇంట్లో పోయినవాళ్ళ పేర్లే పిల్లలకు పెడతారు. నానమ్మ పేరు నాకెప్పుడు పెట్టారు? ఆమె పోయిన ఏడాదికి. అది నీకు తెలుసు. తెలిసీ, మీ మామ ఆ పేరు పలుకుతుంటే పక్కన నిలబడి చేతులు కట్టుకున్నావు. పిల్ల చెవిలో నా పేరు ఊదింది పేరు కోసం కాదు, పోయినదాని గుర్తు కోసం.

నాకు గుడి వద్దు. నేను గుంటూరు రావాల్సిన పని కూడా లేదు. సుశీలకు చెప్పు. మా అక్క ఉంది, గాజుల దుకాణంలో కూర్చుంటుంది, చదువుతుంది, రాస్తుంది అని చెప్పు. అంతే. అది చెప్పావని నాకు ఎలా తెలియాలి? ఆమె చేతి దారం పంపు. ఆడబిడ్డ ఉందని తెలిస్తేనే ఆమె బొటనవేలు మడిచి చెయ్యి చాపుతుంది. ఆ దారం అందిన రోజున నేను అన్నీ మరిచిపోతాను. ఒట్టు.

నీ అక్క,
నాగమణమ్మ


గుంటూరు
21 ఏప్రిల్ 1958

అక్కా,

చెప్పాను.

నిన్న పొద్దున వసారాలో సుశీల పాపకు నలుగు పెడుతోంది. నేను పక్కన కూర్చుని మొదలుపెట్టాను. లోపల పొయ్యి మీద పాలు పొంగిపోయి మాడు వాసన వచ్చినా ఆమె లేవలేదు. తరువాత ఒక్కటే అడిగింది, “ఆవిడ చేతికి ఏ రంగు గాజులు వేసుకుంటారండీ?” అని. తన ఎర్రచీర అంచులోంచి ఒక పోగు లాగి, తానే చేతికి చుట్టుకుని, తెంపి నా చేతిలో పెట్టింది.

ఆ పోగే ఇది. మామయ్యగారికి మెల్లగా చెబుదామంది. అందాకా కాలేజీకే రాస్తూ ఉండు. నీ క్షమ కాదు, నీ గాజులు కావాలి మాకు.

నీ తమ్ముడు,
వైకుంఠం


లాడ్ బజార్
28 ఏప్రిల్ 1958

వైకుంఠానికి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ‘అక్క గాజులు’ విన్నప్పుడు రాని ఏడుపు దీనికి వచ్చింది. మీ బావకు చదివి వినిపించాను. ఆయన గల్లాపెట్టె మీద నుంచి లేచి, ఈ పూట దుకాణం కట్టేద్దామన్నాడు. ఎర్ర పోగును కళ్ళకద్దుకుని ఖైరున్నిసా దగ్గరకు పోయాను.

ఆమె ఈసారి నవ్వలేదు. పోగును వేళ్ళ మీద వేసుకుని చూసి, నా చేతిలో పెట్టేసి లక్క కలుపుకోసాగింది. ఇంటికి వచ్చి, గూట్లో దాచిన పాత తెల్లదారం తీసి, రెండూ పక్కపక్కన పట్టుకున్నాను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. అప్పుడు వాపన్నావు. నాలుగు నెలలకు తగ్గుతుందన్నావు. మూడు నెలలు కావస్తున్నా గోరంత తగ్గలేదు. రంగు మారింది, చెయ్యి అదే.

అప్పుడు ఉత్తరం మళ్ళీ చదివాను. నలుగు. మాడిన పాలు. చీర అంచు పోగు. మూడు చిన్న నిజాలు. నాలుగో మాట నువ్వు మొట్టమొదటే పెట్టావు, ‘చెప్పాను’ అని. ఆ ఒక్కటీ పాఠంలో లేదు, కొత్తగా కనిపెట్టినట్టున్నావు.

ఇలాంటి మగవాళ్ళను గాజులు తొడుక్కోమని లోకం అంటుంది. ఆ మాట నేననను. ఇరవై మూడు రోజులు నీకు గంజి పోసినవి గాజులు తొడుక్కున్న చేతులే.

పరీక్ష మొన్న అయింది. ఆ ప్రశ్న రాలేదు.

ఈ ఉత్తరం కాలేజీకే వేస్తున్నాను. దీనికంటే రెండు రోజుల ముందు ఒక రిజిస్టరు పార్సిలు వేశాను. అది బ్రాడీపేటకు, సోమశేఖరం గారి ఇంటికి, సుశీల పేరున పోయింది. అందులో పిల్లకు నల్లగాజులున్నాయి. వాటికి కొలత అక్కర్లేదని ముందే రాశాను. తెల్లదారం, ఎర్ర పోగు కూడా అందులోనే పెట్టాను. తన చేతికి చుట్టుకుని చూసుకుంటే ఎవరి కొలతో ఆమెకే తెలుస్తుంది.

ఉత్తరం పెట్టలేదు. పార్సిలు మీద ఆమె చిరునామా, పంపినవారి పేరూ ఊరూ మాత్రం ఉన్నాయి. రెండూ నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో, మూత మీద నీకు దిద్దించినట్టే.

నాగమణమ్మ
గాజుల దుకాణం, లాడ్ బజార్, హైదరాబాదు